గిన్నెల మీద పేర్లతో వీడియో ఇన్‌స్టలేషన్ చేద్దామనుకుంటున్నా, సలహా కావాలి – చెన్నై

పెరంబూరు పిల్ల:

హాయ్ అందరికీ, పోస్టు కొంచెం పొడుగు, టీ పెట్టుకుని చదవండి.

నేను పుట్టిందీ పెరిగిందీ చెన్నైలోనే, పెరంబూరు. పగలు ఐటీ ఉద్యోగం, శనాదివారాలు వీడియోలు తీసి ఎడిట్ చేసుకుంటూ ఉంటా, ఇప్పటిదాకా ఎవరికీ చూపించింది లేదు. ఇప్పుడు మైలాపూర్‌లో ఒక ఫ్రెండ్ వాళ్ళ పాతింట్లో మేడ మీద గది ఖాళీగా ఉందట, పది రోజులు వాడుకో అంది. పద్నాలుగు బై పన్నెండు అడుగులు, ఒక కిటికీ, ఒక ఫ్యాను, రెండే రెండు ప్లగ్ పాయింట్లు. అందులో ఒక వీడియో ఇన్‌స్టలేషన్ పెడదామని, అంటే వస్తువులూ వీడియోలూ సౌండూ కలిపి గదంతా ఒకే ఆర్ట్ అన్నట్టు.

మా అమ్మమ్మ కిందటేడు పోయింది. అటక మీద సామాన్లు దించితే ఇత్తడీ స్టీలూ కలిపి 63 వచ్చాయి, దాదాపు అన్నిటి మీదా పేరు కొట్టించి ఉంది. మామూలే కదా, మన ఇళ్ళల్లో ఏ గిన్నె తిరగేసినా ఏదో ఒక పేరు ఉంటుంది, ఇన్నేళ్ళూ నేనూ పట్టించుకోలా. ఈసారి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే బుర్ర తిరిగింది. అన్నిటికంటే పాతది ఇత్తడి బిందె, గూడూరులో వాళ్ళ నాన్న కొన్నది, దాని మీద తెలుగులో 'దు.' అని పుట్టింటి ఇంటిపేరు మొదటి అక్షరం, పక్కన ఆవిడ పేరు. 1961లో పెళ్ళి, అప్పటి పళ్ళెం మీద అదే పేరు ముందు 'పా.' వచ్చేసింది. తర్వాత తాతయ్యకి ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఉద్యోగం, పెరంబూరు వచ్చేశారు, ఇక్కడ కొన్నవాటి మీద పేరు తమిళంలో ఉంది, షాపులో పేరు కొట్టేవాడికి వచ్చింది అదే మరి. తమిళంలో ప, బ, భ అన్నిటికీ ఒకటే అక్షరం కాబట్టి 'భ'తో మొదలయ్యే మా అమ్మమ్మని తెలియనివాళ్ళెవరైనా చదివితే 'ప' అనే అంటారు. ఇనిషియల్ కూడా మారిపోయింది, ఇంటిపేరు ఎగిరిపోయి తాతయ్య పేరు మొదటక్షరం వచ్చి కూర్చుంది, ఇక్కడి పద్ధతి అది. ఇక 90ల తర్వాత కొన్నవి ఇంగ్లీషులో, మెషీన్‌తో గీకినట్టు వంకరటింకరగా.

ఒకే మనిషి, నాలుగు రకాలు. వీటిల్లో ఏది చూసి 'ఇది నేను' అనుకునేదో ఆవిడ. నా సంగతీ అంతే అనుకోండి, స్కూలు సర్టిఫికెట్లో నాన్న పేరు ఇనిషియల్, ఇంటిపేరు ఎక్కడా లేదు, నెల్లూరు వైపు పెళ్ళిళ్ళకెళ్తే 'మీ ఇంటిపేరేంటమ్మా' అంటే ఒక్క సెకను ఆగి చెప్తా. తెలుగు చదవడం కూడా కాలేజీలో సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నదే.

నా ప్లాన్ ఏంటంటే ఈ సామాన్లన్నీ గదిలో పేర్చి, వాటి మీద ప్రొజెక్టర్‌తో పాత ఫోటోలూ, ఫోన్లో తీసిన అమ్మమ్మ క్లిప్పులూ వేయడం, వెనక వీణ, పన్నెండు నిమిషాల లూప్. నిన్న ఇంట్లో ట్రయల్ వేశా, ఘోరం. స్టీలు మీద బొమ్మే పడట్లా, లైటంతా సీలింగ్‌కి కొడుతోంది, గిన్నెలోకి చూస్తే నా మొహం. ప్రొజెక్టర్ డబ్బా మీద మాత్రం వెలుతురు 4000 ల్యూమెన్స్ అని రాసుంది. ఇంకోపక్క అమ్మ, 'పది రోజులు గిన్నెలన్నీ పట్టుకుపోతే సాంబారు ఎందులో కాచను, నీ నెత్తి మీదా' అంటోంది, ఎందుకంటే వాటిల్లో సగం ఇప్పుడు మా వంటింట్లో వాడకంలో ఉన్నాయి. అన్నిటికీ మించి అసలు ఇది ఆర్టా, లేక మా ఫ్యామిలీ ఆల్బమా అని రాత్రి రెండింటికి డౌట్ వచ్చింది, అప్పట్నుంచీ నిద్ర లేదు.


రిచీ స్ట్రీట్ వాసి:

సిస్టర్, నేను చెన్నైలో ఫంక్షన్లకీ కాన్ఫరెన్సులకీ ప్రొజెక్టర్లు, సౌండు పెట్టే పనిలో ఉన్నా. ఆర్ట్ గురించి నన్నడగొద్దు, లైటు గురించి అడగండి.

ముందు ఆ డబ్బా మీద నంబర్ మర్చిపోండి. ఏఎన్ఎస్ఐ ల్యూమెన్స్ అని స్టాండర్డ్ పద్ధతిలో కొలిచింది విడిగా ఉంటుంది, అది చూడాలి, ఆ చిన్న ప్రొజెక్టర్లలో చాలావాటికి అది రెండు మూడొందలు దాటదు. కానీ మీ ప్రాబ్లం అది కాదు, పదివేల ల్యూమెన్స్ పెట్టినా స్టీలు మీద బొమ్మ రాదు. గోడ మీద లైటు పడితే గోడ దాన్ని అన్ని వైపులకీ చెదరగొడుతుంది, అందుకే గదిలో ఎక్కడ నిలబడ్డా కనిపిస్తుంది. మెరిసే స్టీలు అద్దం టైపు, ఏ కోణంలో పడిందో అదే కోణంలో అటు వెళ్ళిపోతుంది, మీ సీలింగ్‌కి వెళ్ళింది చూశారుగా. బటర్ పేపర్ గుండ్రంగా కత్తిరించి గిన్నె అడుగున పెట్టండి, పడుతుంది. ఇంకా బాగా కావాలంటే గిన్నెలో పాలు పోయండి, పాలంత మంచి స్క్రీను లేదు, కాకపోతే మన చెన్నై ఎండల్లో మధ్యాహ్నానికి విరిగిపోయి గదంతా కంపు. నీళ్ళల్లో కాస్త సున్నం కలిపినా అదే ఎఫెక్ట్.

దూరం లెక్క చూసుకోండి. ప్రొజెక్టర్ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది త్రో రేషియో. త్రో రేషియో 1.5 ఉన్న ప్రొజెక్టర్‌కి ఆరడుగుల వెడల్పు బొమ్మ కావాలంటే తొమ్మిదడుగుల దూరం కావాలి, మీ గదిలో నలుగురు నిలబడితే వాళ్ళ నీడలే సినిమా. షార్ట్ త్రో, 0.5ది దొరికితే మూడడుగుల్లో అయిపోతుంది, అద్దెకి దొరుకుతాయి.

పెన్ డ్రైవ్ టీవీకి పెట్టి లూప్ వేయకండి, చాలా టీవీల్లో ప్రతిసారీ మధ్యలో ఒక నల్ల స్క్రీను, మూలన ఫైల్ పేరు వస్తుంది, పరువు పోతుంది. రాస్‌ప్‌బెర్రీ పై అని చేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి కొనండి, పాతది, మోడల్ 3 అయినా చాలు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎస్డీ కార్డు పాడయ్యే ఛాన్సు ఉంటుంది, దాని సెట్టింగ్స్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఉంటుంది, ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు, ఎన్నిసార్లు ప్లగ్ పీకినా ఏం కాదు.

సౌండుకి ఒక ఐడియా. స్పీకర్లు పెట్టొద్దు. ఎక్సైటర్ అని ఉంటుంది, స్పీకర్‌లో కాగితం కోన్ తీసేసినట్టు, మోటారు భాగం ఒక్కటే. దాన్ని దేనికి అంటిస్తే అదే స్పీకర్ అయిపోతుంది. బిందె లోపల అంటించండి, బిందె మాట్లాడుతుంది, నిజంగా. చిన్న 3 వాట్ల యాంప్లిఫయర్ బోర్డు చాలు, 5 వోల్టుల మీద నడుస్తుంది. బేస్ రాదు, గొంతు కొంచెం రేకు రేకుగా వస్తుంది, మీకు అదే కావాలేమో.


బసవనగుడి బాబు:

బెంగళూరు నుంచి. పదేళ్ళుగా ఎగ్జిబిషన్లు తిరుగుతున్న అనుభవంతో చెప్తున్నా, తిట్టుకోవద్దు. వీణ తీసెయ్. ఫోటోలు కూడా తీసెయ్.

ఎందుకంటే ఫోటో వేసిన మరుక్షణం గిన్నె తెర అయిపోతుంది, ఇక గిన్నెని ఎవరూ చూడరు. జనం 'అయ్యో పాపం అమ్మమ్మ' అనుకుని వెళ్ళిపోతారు. అందరి అమ్మమ్మలూ ఫోటోల్లో ఒకేలా ఉంటారు, కుర్చీ, పట్టుచీర, సీరియస్ మొహం. నీ దగ్గరున్న అసలు సరుకు ఆ అక్షరాలు, నువ్వే రాశావు కదా పోస్టులో, ఆ పేరాకి నాకు ఒళ్ళు జలదరించింది, ప్లాన్ దగ్గరికొచ్చేసరికి దాన్నే వదిలేశావు.

నళినీ మలాని అనే ఆర్టిస్టు గురించి చూడు. 1946లో కరాచీలో పుట్టింది, విభజనతో కుటుంబం ఇటొచ్చేసింది. 1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత 'రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్' అని ఒక వీడియో ఇన్‌స్టలేషన్ చేసింది, అందులో టీవీ మానిటర్లు రేకు ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. ఆ పెట్టె అలంకారానికి పెట్టింది కాదు, వలస వచ్చినవాళ్ళు మోసుకొచ్చిన పెట్టె అది, లోపలికి తొంగి చూడాలి, ఆ వంగడంలోనే సగం పని అయిపోతుంది. నీ బిందెకి కూడా ఒక పని ఉంది కదా, అదేంటో ఆలోచించు. ఆల్బమా ఆర్టా అన్న నీ డౌటుకి సాంగ్ డాంగ్ అని చైనా ఆర్టిస్టు ఉన్నాడు, 2005లో బీజింగ్‌లో వాళ్ళమ్మ దాచుకున్న ఇంటి సామానంతా తెచ్చి పరిచాడు, ఖాళీ సీసాలు, సబ్బులు, గిన్నెలు, పదివేల పైన వస్తువులు, 'వేస్ట్ నాట్' అని. భర్త పోయాక ఆవిడ ఏదీ పారేయలేకపోతోంది, కొడుకు పారేద్దామనకుండా రా అమ్మా మనిద్దరం కలిసి సర్దుదాం అన్నాడు. పక్కా ఫ్యామిలీ గొడవ. 2009లో న్యూయార్క్‌లో మోమా అనే పెద్ద ఆర్ట్ మ్యూజియంలో పెట్టారు.

ఇంకోటి, స్టీలు సామాన్లు అనగానే వచ్చిన ప్రతివాడూ ఆర్టిస్టు సుబోధ్ గుప్తా పేరు అంటాడు, రెడీగా ఉండు. ఆయన గిన్నెలు కొత్తవి, తళతళ, వందలకొద్దీ, 2006లో వాటితో పెద్ద పుర్రె కట్టాడు. నీవి సొట్టలు పడ్డవి, పేరున్నవి. తేడా అక్కడే ఉంది.


ఊరికే అడిగా:

ఏమనుకోవద్దు గానీ, మా ఇంట్లో కూడా ఇలాంటి గిన్నెలు వంద ఉన్నాయి, అన్నిటి మీదా పేర్లున్నాయి, మా అమ్మ వాటిల్లో చింతపండు నానబెడుతుంది. వాటిని తీసుకెళ్ళి చీకటి గదిలో పెట్టి బిందె మాట్లాడుతోంది అంటే అది ఆర్ట్ అయిపోతుందా? టికెట్ పెడతారా?


బసవనగుడి బాబు:

టికెట్ పెట్టరు బాబూ. మీ ఇంట్లో వంద ఉన్నాయన్నారు కదా, వాటి మీద ఎవరి పేరుందో చూడకుండా చెప్పండి. చెప్పగలిగితే మీకు ఈ ఎగ్జిబిషన్ అక్కర్లేదు.


ఊరికే అడిగా:

…చూసొచ్చా. రెండు మా మేనత్త పేరు మీద ఉన్నాయి. మాటలు లేవు ఆవిడతో పన్నెండేళ్ళుగా. సర్లెండి, నేను పోతున్నా.


శాసనాల పిచ్చి:

ఈ థ్రెడ్ నాకోసమే పెట్టినట్టుంది. నేను ఆదివారాలు గుళ్ళ వెంట తిరిగి రాళ్ళ మీద అక్షరాలు చదివే రకం. అమ్మాయ్, నీ దగ్గర ఉన్నవి శాసనాలు, సరిగ్గా చెప్పాలంటే దాన శాసనాలు. ఎవరు ఇచ్చారు, ఎవరికి, ఏ సందర్భంలో, తేదీ. 'చి.ల.సౌ. ఫలానా వివాహమునకు ఫలానావారి చదివింపులు' అని గిన్నె మీద ఉంటే, దేవుడికి దీపం పెట్టడానికి ఆవుల్నిచ్చినట్టు రాయి మీద చెక్కించడానికీ దీనికీ తేడా ఏముంది? తెలుగులో తొలి శాసనమనే క్రీ.శ. 575 నాటి కలమళ్ళ శాసనం దగ్గర్నుంచీ మనవాళ్ళకి ఇదే అలవాటు, రాయి పోయి స్టీలు వచ్చింది.

ప్రాక్టికల్‌గా ఒక మాట. గిన్నె మీద అక్షరాలు వీడియో తీయడానికి ఎదురుగా లైటు పెడితే ఏమీ కనపడదు, మెరుపు ఒక్కటే వస్తుంది. గది చీకటి చేసి, కెమెరా పక్కన నల్ల గుడ్డ కట్టి, గిన్నె నల్లగా కనిపించేట్టు చూసుకుని, ఒక చిన్న టార్చి బాగా పక్కనుంచి, దాదాపు గిన్నె ఒంటికి ఆనుకున్నట్టు వెయ్యి. అప్పుడు ఆ కొట్టిన చుక్కల అంచులు ఒక్కొక్కటే వెలుగుతాయి. అరిగిపోయిన రాళ్ళు మేం ఇలాగే చదువుతాం, టార్చిని మెల్లగా చుట్టూ తిప్పుతుంటే కనపడని అక్షరం పైకి లేస్తుంది. ఆ టార్చి తిరగడమే నీ వీడియో ఎందుకు కాకూడదు? కెమెరాకి పోలరైజర్, అదే మెరుపు తగ్గించే ఫిల్టర్, కొను అని ఎవరైనా అంటారు, వినకు, గాజుకీ నీళ్ళకీ పనిచేసినట్టు ఉత్త లోహం మెరుపుకి అది పనిచేయదు, లైటుకి కూడా ఇంకో పోలరైజర్ పెట్టాలి, అదంతా ఎందుకు.

పూర్తిగా అరిగినవాటికి బియ్యప్పిండి రుద్ది తుడిచెయ్, పిండి గుంటల్లో ఉండిపోతుంది. లేదా పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద చేసేవాళ్ళం చూడు. శాసనాలకైతే తడి కాగితం రాయి మీద పరిచి బ్రష్‌తో కొట్టి ఆ పైన సిరా అద్దుతారు. ఇప్పుడు బెంగళూరులో మిథిక్ సొసైటీ వాళ్ళయితే ఏకంగా 3డీ స్కానింగే చేస్తున్నారు. వాడకంలో ఉన్న గిన్నెలు మీ అమ్మగారికే వదిలేసి వాటి రుద్దుడు కాగితాలు గదిలో కట్టు, సాంబారు గొడవ తీరిపోతుంది.


నెల్లూరు పెద్దమ్మ:

మా మనవడు ఫోన్లో చూపించాడు, చదివాను, వాడే టైపు కొడుతున్నాడు నేను చెప్తుంటే. మీరంతా జ్ఞాపకం జ్ఞాపకం అంటున్నారు గానీ నాయనా, పేరు కొట్టించింది జ్ఞాపకానికి కాదు. గిన్నె తిరిగి రావడానికి. మా రోజుల్లో ఇంట్లో శుభకార్యం అయితే వీధిలో పది ఇళ్ళ నుంచి గిన్నెలు, గంగాళాలు, గ్లాసులు తెచ్చుకునేవాళ్ళం, మర్నాడు కడిగి పెరట్లో బోర్లించి పేరు చూసి ఎవరివి వాళ్ళకి పంపేది. పేరు లేని గిన్నె వెళ్ళిందంటే వెళ్ళిందే. అందుకే కొన్న రోజే కొట్టుకాడే పేరు వేయించేవాళ్ళం, చిన్న సుత్తి, చిన్న ఉలి, టకటకటక అని చెవులు గింగుర్లెత్తేవి.

ఇంకొకటి, అన్నీ కొన్నవి కావు. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం మగాళ్ళు లేనప్పుడు. మా ఆయనవి రెండు ప్యాంట్లు, ఒక జరీ చీర పెడితే ఇంత బేసిన్. సాయంత్రం ఆయనొచ్చి నా ప్యాంటేదీ అంటే అదిగో దాంట్లోనే పెరుగు తోడేశా అనేదాన్ని. అట్లా వచ్చినవాటి మీద పేర్లుండవు. మీ అమ్మమ్మవాటిల్లో పేరు లేనివి ఏవైనా ఉంటే పారేయబాకమ్మా, అవి ఇంకెవరి చొక్కాలో.


పెరంబూరు పిల్ల:

అప్‌డేట్. మూడు వారాలైంది, సారీ, మధ్యలో ఆఫీసులో రిలీజ్.

వీణ పోయింది, ఫోటోలు పోయాయి. బసవనగుడి బాబు గారి మాట, శాసనాల గారి టార్చి, పెద్దమ్మగారు చెప్పింది, మూడూ కలిపి ఒకటి చేశా. ఒక్కో గిన్నె తీసుకుని చీకట్లో టార్చి చుట్టూ తిప్పుతూ తీశా, అక్షరాలు వెలిగి ఆరిపోతుంటాయి, అంతే బొమ్మ. గొంతులు మాత్రం మావాళ్ళవి. ఒక్కో గిన్నె ఇచ్చి, దీని మీద ఏముందో పైకి చదవండి అన్నా, ఇంకేం చెప్పలా. అమ్మ అన్నీ చదివేసింది. గూడూరు నుంచి వచ్చిన తాతయ్య, అంటే అమ్మమ్మ తమ్ముడు, తమిళంవి పక్కన పెట్టేశాడు, ఇవి మా అక్కవి కావు అన్నాడు, నాకు నోట మాట రాలేదు. పక్కింటి తమిళ ఆంటీ నేను భయపడ్డట్టే 'ప' అని చదివింది, ఎంత ముద్దుగా చదివిందంటే దిద్దబుద్ధి కాలేదు. 2006 చట్టంతో స్కూళ్ళల్లో తమిళం తప్పనిసరి అయ్యాక చదువుకున్నవాడు మా తమ్ముడు, తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు, ఇత్తడి బిందె పట్టుకుని చాలాసేపు చూసి 'డిజైనా ఇది?' అన్నాడు. అది కూడా ఉంచేశా. ఆ గొంతులన్నీ ఎక్సైటర్లలోంచి వస్తాయి, బిందెలోంచి తాతయ్య, టిఫిన్ క్యారియర్లోంచి ఆంటీ, తమ్ముడిది గ్లాసులో పెట్టా, సన్నగా వస్తోంది, చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినపడదు. ప్రొజెక్టర్ వద్దనుకున్నా, రెండు పాత మానిటర్లు అల్మరా అరల్లో గిన్నెల మధ్య పెట్టేశా, కింద న్యూస్ పేపర్ పరిచి, అమ్మ పరిచినట్టే.

అమ్మ 40 ఇచ్చింది. మిగతావాటికి రుద్దుడు కాగితాలు. ఓపెనింగ్ రోజు పొద్దున ఒక తపేలా వెనక్కి తీసుకెళ్ళిపోయింది, చుట్టాలొస్తున్నారని, సాయంత్రం కడిగి తెచ్చిచ్చింది. అరలో ఆ గుండ్రటి ఖాళీ బాగుందని రెండో రోజు నేనే ఇంకోటి పంపించా.

ఒక గ్లాసు గురించి చెప్పాలి. అమ్మ చదువుతూ చదువుతూ ఒకదాని దగ్గర ఆగిపోయింది. తమిళంలో వేరే ఎవరిదో పేరు, '83' అని ఉంది. ఇది మనది కాదే అంది. తర్వాత గుర్తొచ్చింది, ఐసీఎఫ్ క్వార్టర్స్‌లో ఎదురింటావిడ పొంగల్‌కి దాంట్లో ఏదో పంపిందట. ఖాళీ గ్లాసు తిరిగిస్తే బాగుండదు, ఏదైనా చేసినప్పుడు పోసి ఇద్దాం అని అమ్మమ్మ పక్కన పెట్టిందట, ఈలోగా వాళ్ళు క్వార్టర్స్ ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరికీ తెలీదు. కెమెరా ఆన్‌లోనే ఉంది, అమ్మ ఆ గ్లాసు తిప్పుతూ 'పాయసం చేసిన ప్రతిసారీ దీన్ని తీసి మళ్ళీ పెట్టేసేది, నేను చూశా' అంది. ఆ గ్లాసుకి ఎక్సైటర్ పెట్టలా. తలుపు దగ్గర విడిగా ఒక స్టూలు మీద పెట్టా, పేరు బయటికి కనిపించేట్టు. ఇంకా నాలుగు రోజులుంది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. పెరంబూరు వైపు పాతవాళ్ళెవరైనా వస్తే చదివి చూడండి.

ఒక టెక్నికల్ డౌట్, రిచీ స్ట్రీట్ అన్నా, మధ్యాహ్నం పూట రెండో రాస్‌ప్‌బెర్రీ పై దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది, స్క్రీను మీద మూలన చిన్న మెరుపు గుర్తు వస్తోంది.


రిచీ స్ట్రీట్ వాసి:

ఆ మెరుపు గుర్తు అంటే వోల్టేజ్ చాలట్లేదని సిస్టర్. ఫోన్ చార్జర్ పెట్టుంటారు, అవునా? అది పీకేసి 5 వోల్ట్ 3 యాంప్ అడాప్టర్ పెట్టండి, కేబుల్ కూడా పొట్టిది, లావుది వాడండి. యాంప్లిఫయర్ బోర్డులు దాని మీదే నడుపుతుంటే వాటికి వేరే అడాప్టర్. నా దగ్గర రెండు స్పేర్ ఉన్నాయి, రేపు ఆరింటికి పట్టుకొస్తా. మా అమ్మ కూడా వస్తానంటోంది, 80ల్లో వాళ్ళు విల్లివాక్కంలో ఉండేవాళ్ళు.